ఎంఎంపీఐ స్కోరు చూసి మనిషి మళ్లీ జైలుకొస్తాడని చెప్పేయొచ్చా?

అపోహ: ఎంఎంపీఐ అనే మానసిక పరీక్షలో నాలుగో స్కేలు (ఒక రకం ప్రశ్నల గుంపుకొచ్చే స్కోరు) ఎక్కువొచ్చిందంటే, మత్తు మానినా వాడు మళ్లీ జైలుకు రావడం ఖాయం.

అమెరికాలో ఒక కౌంటీ జైల్లో డీఅడిక్షన్ ప్రోగ్రాంలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇంటివాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. మొన్న గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "మేడమ్, మావాడికి డెబ్బై దాటిందట, ఇంక మారడటగా?" ఎవరన్నారమ్మా అంటే, వాట్సాప్‌లో వాళ్ల మరిది. పాపం, రాత్రంతా నిద్రపోలేదట. ఆ అబ్బాయి ఫైలు గురించి నేను మాట్లాడకూడదు. స్కేలు గురించైతే ఎన్నిసార్లయినా చెప్తాను.

వాస్తవం: ఆ స్కేలులో ప్రశ్నలు ఇంట్లో గొడవలు, పైవాళ్లతో పేచీలు, పోలీసులతో చిక్కుల చుట్టూ తిరుగుతాయి. సగటు 50, ఎంఎంపీఐ-2లో 65 నుంచి ఎక్కువ కింద లెక్క. జైల్లో కూర్చోబెట్టి రాయిస్తే చాలామందికి ఎక్కువే వస్తుంది, రాదా మరి? జ్వరాల వార్డులో అందరికీ థర్మామీటర్ పెట్టి, వచ్చే ఏడాది మళ్లీ ఎవరు చేరతారో చెప్పమన్నట్టుంది. వయసు, పాత కేసులు, తిరిగే స్నేహాలు, చేతిలో పని ఉందా లేదా, ఇవి అంతకంటే ఎక్కువ చెప్తాయి. టెస్టు మాకు పనికొచ్చేది ఎవరికి ఏ చికిత్స నప్పుతుందో, ఎవరు లోలోపల కుంగిపోతున్నారో చూడటానికి.

"ఎలాగూ మారడు" అని ఇంటివాళ్లు వదిలేస్తే నష్టం ప్రాణాలదాకా వెళ్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీలపై 2007లో వచ్చిన అధ్యయనం చూడండి. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణాల ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లు. లోపల మానేసిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. ఆ రెండు వారాలూ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఇంట్లో నాలొక్సోన్ (హెరాయిన్ లాంటి మత్తు ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) ఉండాలి.

అపోహ: లోపల కోర్సు పూర్తయితే చాలు. చాలదు. కాలిఫోర్నియాలో అమిటీ అనే జైలు డీఅడిక్షన్ ప్రోగ్రాం వాళ్లను మూడేళ్లు గమనిస్తే, బయటికొచ్చాక కూడా చికిత్స పూర్తిచేసిన వాళ్లలో 27 శాతమే మళ్లీ జైలుకెళ్లారు, మిగతావాళ్లలో 75 శాతం. పట్టుదల ఉన్నవాళ్లే చివరిదాకా నిలిచి ఉంటారు కాబట్టి ఘనతంతా చికిత్సకే కట్టబెట్టను. అయినా ఆఫ్టర్‌కేర్ (బయటికొచ్చాక చేసే చికిత్స) సీటు విడుదలకు ముందే మాట్లాడి పెట్టుకోండి.

అపోహ: తెలివిగా రాస్తే "పాస్" అవ్వొచ్చు. ఇందులో పాస్, ఫెయిల్ లేవు. మంచివాడిలా కనపడాలని చూసేవాళ్లను పసిగట్టే స్కేళ్లు మాత్రం ఉన్నాయి.