తినాలంటే భయం: అనొరెక్సియాపై అపోహలు, వాస్తవాలు

అనొరెక్సియా నెర్వోసా అంటే సాధారణంగా లావైపోతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయే మానసిక జబ్బు. హైదరాబాద్‌లో ఈ జబ్బున్న అమ్మాయి నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి రావడం తక్కువ. గ్యాస్ అని ఒక డాక్టరు, నెలసరి ఆగిందని ఇంకొకరు, జుట్టు ఊడుతోందని మరొకరు, ఇలా తిరగడంలోనే నెలలు గడిచిపోతాయి. ఈలోగా కంచంలోంచి ఒక్కో పదార్థం మాయమవుతూ ఉంటుంది. కేలరీల లెక్కలు, బరువుల అంకెలు ఈ పోస్టులో కావాలనే రాయలేదు. ఈ జబ్బులో ఉన్నవాళ్లు అలాంటి అంకె కనిపిస్తే దానితో పోటీ పడతారు.

అపోహ: "దానికి ఆకలే వేయదండీ."

పేరే తప్పుదారి పట్టిస్తుంది. గ్రీకు మూలంలో అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. 1873లో లండన్ డాక్టరు విలియం గల్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు, అది అలాగే ఉండిపోయింది. నిజానికి చాలామందికి ఆకలి ఉంటుంది, రోజంతా బుర్రలో తిండి ధ్యాసే ఉంటుంది. గంటల తరబడి వంటల వీడియోలు చూస్తారు. ఇంట్లో అందరికీ కేకులు చేసి పెడతారు, తాము మాత్రం ముట్టరు.

1944-45లో అమెరికాలోని మినెసోటాలో శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు 24 వారాలపాటు సగం తిండే పెట్టింది. వాళ్లు దాదాపు పావు వంతు బరువు తగ్గారు. వంట పుస్తకాలు పోగేసుకున్నారు, కాస్త తిండిని చాలాసేపు సాగదీసి తిన్నారు, చిరాకు పడ్డారు, మనుషులకు దూరమయ్యారు. లావవుతామన్న భయం వాళ్లకు లేదు. అంటే మీ అమ్మాయి ఇడ్లీని పదహారు ముక్కలు చేసి గంటసేపు తినడంలో మొండితనం వాటా తక్కువ, పస్తు వాటా ఎక్కువ.

అపోహ: "హెల్దీగానే తింటోంది, నెయ్యి, అన్నం మానేసిందంతే."

ఇళ్లలో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మొదట స్వీట్లు, వేపుళ్లు పోతాయి. అందరూ మెచ్చుకుంటారు. తర్వాత నెయ్యి, మీగడ, ఆ తర్వాత రాత్రి అన్నం. చివరికి మొలకలు, కీరా, పల్చటి మజ్జిగ, రాగిజావ మిగులుతాయి. మిల్లెట్లలో తప్పేమీ లేదు. గమనించాల్సింది ఒక్కటే: మానేసినవాటిలో ఒక్కటైనా వెనక్కి వచ్చిందా? జాబితా తగ్గడమే తప్ప పెరగకపోతే అది డైట్ కాదు.

మన వంటలో ఇంకో చిక్కుంది. మనం కలుపుకుని తింటాం. పోపులో ఎంత నూనె పడిందో, ముద్దపప్పులో నెయ్యి ఎంత కరిగిందో కంటికి కనపడదు. లెక్క తెలియని తిండంటే ఈ జబ్బులో విపరీతమైన భయం. అందుకే అమ్మ చేసిన గుత్తివంకాయ కూరను పక్కకు నెట్టి, వెనకాల అంకెలు అచ్చేసిన ఓట్స్ ప్యాకెట్టు తినే పిల్లలు ఉంటారు. "ఇంటి తిండి వద్దు, ప్యాకెట్టు తిండి కావాలట" అని అమ్మ నొచ్చుకుంటుంది. ఇక్కడ తేడా రుచిలో లేదు, లేబుల్లో ఉంది. బిర్యానీకి భయపడేదీ ఇందుకే: పొరల కింద ఏముందో ఎవరు చెప్పగలరు?

అపోహ: "భయం తగ్గాక తనే తింటుంది."

వరుస తలకిందులైంది. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం కాస్త తేలికపడుతుంది, ఆ తేలికే భయానికి మేత. భయం ఉండగానే తినాలి. ఒంటి పరిస్థితి నిలకడగా ఉందని డాక్టరు చెప్పాక, థెరపిస్టుతో కలిసి చేసే పని దాదాపు ఇలా ఉంటుంది.

భయపడే పదార్థాలన్నీ రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా భయం మార్కులు వేయిస్తారు. మధ్యలో ఉన్నదాన్ని ఎంచుకుంటారు. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి అనుకుందాం. వడ్డించేది పెద్దవాళ్లే, నెయ్యి కలిపేదీ వాళ్లే. తినేముందు "ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని అడిగి రాయించుకుంటారు. "పొద్దున్నకి లావైపోతా" అంటే ఆ మాటే రాస్తారు, మర్నాడు దాన్ని తీసి చూస్తారు. భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట. వారంలో నాలుగైదుసార్లు అదే ముద్ద. అది విసుగు పుట్టించే స్థాయికి వచ్చాకే జాబితాలో పైదానికి వెళ్లడం.

ఎక్కడ చెడుతుంది? నెయ్యి పడింది కదా అని అన్నం తగ్గిస్తారు. కంచం అంచుకు నెయ్యి పూసి వదిలేస్తారు. తినగానే కేబీఆర్ పార్కు చుట్టూ గంట నడుస్తామంటారు, లేదా రాత్రి భోజనం ఎగ్గొడతారు. ఇలా ఏ రూపంలో పరిహారం చెల్లించినా ఆ ముద్ద లెక్కలోకి రాదు, "నడిచాను కాబట్టి సరిపోయింది" అన్న పాఠమే మిగులుతుంది. ఇంటివాళ్ల తప్పు ఇంకోటి: కంచం ముందు బేరాలు. "సరే, సగం తిను" అన్నారంటే రేపు ఆ సగం దగ్గరే బేరం మొదలు. భోజనం దగ్గర కబుర్లు చెప్పండి. వాదన థెరపీ గదికి వదిలేయండి.

అపోహ: "గ్యాస్ వల్లే తినలేకపోతోంది."

ఉబ్బరం నిజమే, నటన కాదు. పస్తులుంటే కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గిపోతుంది. నాలుగు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది. కానీ దానికి మందు తిండే: తక్కువ తక్కువగా, మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిళ్లు, మధ్యలో నాలుగు గంటలకు మించి ఖాళీ లేకుండా. పచ్చి సలాడ్లు, మొలకలు ఈ దశలో ఉబ్బరాన్ని పెంచుతాయి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరు లావు మాటే ఎత్తరు, ఉబ్బరం ఒక్కటే చెబుతారు. అంతమాత్రాన జబ్బు కాదని కొట్టిపారేయకూడదు.

ల్యాబ్ రిపోర్టులు కూడా దారి తప్పిస్తాయి. థైరాయిడ్ పరీక్షలో టీ3 తక్కువగా, టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే అది చాలాసార్లు ఒళ్లు పొదుపు చేసుకోవడం. దానికి థైరాయిడ్ మాత్ర వేస్తే ఉన్న కాస్త కండా కరుగుతుంది. నెలసరి ఆగి, స్కానింగులో అండాశయంలో చిన్న చిన్న బుడగలు కనిపిస్తే పీసీఓడీ అనేస్తారు, "బరువు తగ్గు" అంటారు. ఈ పిల్లకి అంతకంటే చెడ్డ సలహా ఉండదు.

అపోహ: "రెండ్రోజులు గ్లూకోజ్ ఎక్కించి, సున్నుండలు పెడితే కోలుకుంటుంది."

దీని దగ్గర మాత్రం ఆగండి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా చక్కెర వెళ్తే ఇన్సులిన్ లేస్తుంది, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మళ్లీ తిండి మొదలైన తొలి వారమే గండం. కాబట్టి చిక్కి శల్యమైన మనిషికి, లేదా వారం పది రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి తిండి పెంచడం ఆసుపత్రిలోనే, రోజూ రక్తపరీక్షలు చేస్తూ జరగాలి. తిండికీ గ్లూకోజ్‌కీ ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. ఒక చిన్న సంగతి: మామూలు ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడే ఉంటాయి. ఫాస్ఫరస్, మెగ్నీషియం విడిగా అడగాలి.

మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, కాళ్లు వాచినా, మాట తికమకగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. చనిపోవాలనుందన్న మాట వచ్చినా అంతే. ఈ జబ్బులో మరణాలకు ఆత్మహత్య కూడా పెద్ద కారణం. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు.

అపోహ: "ఉపవాసం దేవుడి కోసం, మనం వద్దనకూడదు."

శనివారం ఒంటిపొద్దు, ఏకాదశి, రంజాన్ రోజాలు, ఏవైనా సరే, జబ్బున్నవాళ్లకు మినహాయింపు ఉంది. పూజారి చేతో, ఇమామ్ చేతో ఆ మాట చెప్పిస్తే ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది.

అపోహ: "ఇది ఆడపిల్లల జబ్బు, అదీ బక్కగా ఉన్నవాళ్లకే."

మగపిల్లలకూ వస్తుంది, జిమ్ము పేరుతో దాక్కుంటుంది. లావుగా ఉన్న మనిషి గబగబా బరువు తగ్గి, చూడటానికి మామూలుగా ఉన్నా నాడి పడిపోయి ఉండొచ్చు.

అపోహ: "బరువొచ్చేసింది, ఇక లైట్ తీస్కో."

బరువొచ్చినా అవే పది పదార్థాలు తింటున్నారంటే పని సగంలో ఉంది. బరువు వచ్చాక కూడా తిండిలో వెరైటీ తక్కువగా, కొవ్వు తక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఇంట్లో కంచం చూసి సంతోషపడొద్దు. పెళ్లిలో ఎవరో వడ్డించిన విస్తరి తినగలుగుతోందా? కాలేజీ దగ్గర ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్టు, ముందుగా ప్లాన్ చేసుకోకుండా తినగలుగుతోందా? జబ్బుకు ముందు ఇష్టంగా తిన్నవి ఒక కాగితం మీద రాయండి. ఇంకా వెనక్కి రానివాటి కింద గీత గీసి, వచ్చే విజిట్‌కి ఆ కాగితం పట్టుకెళ్లండి.