వీధి కళ, వెండింగ్ మెషీన్: అపోహలు - వాస్తవాలు

జనం ముట్టుకుని ఆడుకోగలిగే కళాఖండాలను, కళావస్తువులను అందించే వెండింగ్ మెషీన్లను నగర వీధుల్లో అమర్చడం నా వృత్తి. ప్రతి కొత్త ప్రతిపాదనకూ దాదాపు అవే అభ్యంతరాలు ఎదురవుతుంటాయి.

అపోహ: నాణెం వేస్తే వస్తువునిచ్చే యంత్రం వ్యాపారానిదే, దానికీ కళకూ పొత్తు కుదరదు.

వాస్తవం: అమెరికాలోని విన్‌స్టన్-సేలంలో 1997లో క్లార్క్ విటింగ్టన్ అనే కళాకారుడు తన ఫొటోలను అమ్మడానికి ఒక పాత సిగరెట్ మెషీన్‌ను వాడుకున్నారు. అదే తరువాత ఆర్ట్-ఓ-మాట్‌గా, అంటే చిన్న కళాఖండాలను అమ్మే పాత సిగరెట్ మెషీన్ల ఏర్పాటుగా ఎదిగింది. అందులో చోటు కావాలంటే ఎంతటి కళాకారుడైనా తన పనిని సిగరెట్ పెట్టె కొలతకు కుదించుకోవలసిందే. నా దృష్టిలో దాని ఆకర్షణంతా ఆ ఇరుకులోనే ఉంది. పిడి లాగగానే చిన్న పెట్టె టక్కున జారిపడినప్పుడు పెద్దవారు కూడా అక్కడే నిలబడి విప్పి చూసుకుంటారు.

అపోహ: వీధిలో పెడితే జనం రెండు రోజుల్లో విరగ్గొట్టేస్తారు.

వాస్తవం: నేను చేయించిన మరమ్మతుల్లో కావాలని పగలగొట్టినవి తక్కువ, ఎండకూ వానకూ దుమ్ముకూ పాడైనవే ఎక్కువ. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 2015లో షార్ట్ ఎడిషన్ సంస్థ బటన్ నొక్కితే 1, 3 లేదా 5 నిమిషాల్లో చదవగల కథను ముద్రించి ఉచితంగా ఇచ్చే యంత్రాలను ఏర్పాటు చేసింది. అలాంటి యంత్రాన్నే మేము పడమటి ఎండ తగిలే గోడకు అమర్చినప్పుడు, సాయంత్రమయ్యేసరికి చీటీలు బూడిదరంగుకు తిరిగి, అక్షరాలు కనిపించకుండా వచ్చేవి. ప్రింటర్ పాడైందనుకుని మూడు రోజులు విప్పి బిగించాక గాని, సిరా లేకుండా వేడితో అచ్చుపడే థర్మల్ కాగితానికి వేడికి నల్లబడటమే స్వభావమని, ఎండకు కాగిన ఇనుప పెట్టె ముద్రణకు ముందే ఆ పని చేసేస్తోందని మాకు తట్టలేదు.

అపోహ: ఇవి పిల్లల ఆటవస్తువులు.

వాస్తవం: మాంట్రియల్‌లో 2011లో ఏర్పాటైన 21 ఉయ్యాలల్లో ఒక్కొక్కటి ఊగినప్పుడు స్వరాలు పలుకుతుంది, కానీ కొన్ని బాణీలు పక్కవారితో కలిసి ఊగితేనే వినిపిస్తాయి. ఆ అమరిక పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

నడకదారికి అడ్డమవుతాయన్న మాటను మాత్రం నేను అపోహ అనను. చక్రాల కుర్చీ పూర్తిగా వెనక్కి మళ్లడానికి సుమారు 1.5 మీటర్ల ఖాళీ కావాలి, నాణెం వేసే సందు కూర్చున్నవారి చేతికి అందాలి. ఈ రెండూ కుదరని చోట ఎంత అందమైన నమూనానైనా వదులుకోవలసిందే.

అపోహ: ప్రారంభోత్సవంతో పని పూర్తయినట్టే.

వాస్తవం: స్టాక్‌హోమ్ మెట్రోలో 2009లో పియానోలా మోగిన మెట్లను అందరూ ఉదాహరణగా చూపుతారు, కానీ అది తాత్కాలిక ప్రయోగం, కొత్తదనం జనాన్ని రప్పిస్తుందని తెలిపిందే గాని, ఆ కొత్తదనం ఏళ్ల తరబడి నిలుస్తుందని రుజువు చేయలేదు. ఖాళీ మెషీన్‌లో నాణెం పోగొట్టుకున్నవారు మళ్లీ దాని దరికి రారు కనుక, తాళంచెవి ఎవరి వద్ద ఉంటుందో, ఎన్ని రోజులకొకసారి నింపుతారో ఒప్పందపత్రంలో చూసుకున్నాకే నేను నమూనా చిత్రాలు తెరుస్తాను.