గే రొమాన్స్ నవలల మీద అపోహలు: విశాఖ నుంచి ఒక రివ్యూయర్ మాట

మా పెద్దమ్మ అల్లిపురంలో ఉండేది. వాళ్ల వీధి చివర నవలలు అద్దెకిచ్చే చిన్న షాపు ఒకటి ఉండేది. సెలవులకి వెళ్లినప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లేది. పుస్తకం చేతిలోకి రాగానే ముందు చివరి రెండు పేజీలు తిప్పేది. హీరో హీరోయిన్లు కలిశారని తేలితేనే సంచిలో వేసుకునేది. "డబ్బులిచ్చి మరీ ఏడుపు కొనుక్కోవాలేంట్రా" అనేది.

పదకొండేళ్లుగా నేను గే రొమాన్స్ నవలలు చదివి తెలుగులో రివ్యూలు రాస్తున్నాను. పగలు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో ఉద్యోగం. రాత్రిళ్లు, ఆదివారాలు ఈ పని. నేనూ గేనే. పాఠకుల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న కథ గురించో రచయిత గురించో కాదు. "అన్నా, చివరికి ఇద్దరూ బతికే ఉంటారా?" అని. మా పెద్దమ్మ వెతుక్కున్నదే వీళ్లూ వెతుక్కుంటున్నారు. కాకపోతే ఆవిడకి పెళ్లి కావాలి, వీళ్లకి ప్రాణం మిగిలితే చాలు.

అందుకే మొదట ఈ అపోహ గురించి రాస్తాను.

అపోహ: మంచి గే నవలంటే విషాదంగానే ఉండాలి. సుఖాంతమైతే కాలక్షేపం పుస్తకమే.

రొమాన్స్ అనే విభాగానికి ఒక కట్టుబాటు ఉంది. కథంతా ప్రేమ చుట్టూ తిరగాలి, ముగింపు మనసుకి తృప్తిగా, ఆశ మిగిల్చేలా ఉండాలి. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం కూడా దీన్ని ఇలాగే నిర్వచించింది. జీవితాంతం కలిసి ఉంటారనిపించే ముగింపుని 'హ్యాపీలీ ఎవర్ ఆఫ్టర్' అంటారు. ప్రస్తుతానికి బాగున్నారు, ముందు కూడా బాగుంటారనిపిస్తే 'హ్యాపీ ఫర్ నౌ'. ఈ రెండూ లేకపోతే అది మంచి నవల కావచ్చు, గొప్ప నవల కూడా కావచ్చు, రొమాన్స్ మాత్రం కాదు. వసుధేంద్ర కన్నడలో రాసిన 'మోహనస్వామి' (2013) నాకు ప్రాణం. కానీ రొమాన్స్ అడిగినవాళ్ల చేతిలో ఆ కథల పుస్తకం పెట్టను. వాళ్లడిగింది వేరు.

ఈ సుఖాంతం ఊరికే వచ్చింది కాదు. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలని 1914లో పూర్తి చేశాడు. అందులో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుని, చివరికి కలిసే ఉంటారు. పుస్తకం అచ్చయింది 1971లో, ఆయన పోయిన మరుసటి ఏడాది. సుఖాంతం పెట్టి తీరాలనే తాను రాశానని, ఏ కుర్రాడో ఉరి వేసుకున్నట్టు ముగించి ఉంటే అచ్చుకి ఇంత ఇబ్బంది ఉండేది కాదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అంటే అప్పట్లో జనం ఒప్పుకోనిది ఇద్దరు మగవాళ్ల ప్రేమ ఒక్కటే కాదు, వాళ్లు సుఖంగా ఉండడం. యాభై ఏడేళ్లు బల్ల సొరుగులో ఉండిపోయిన సుఖాంతాన్ని తేలిక అని నేను అనలేను.

'ముగింపు ముందే తెలిస్తే ఇక చదవడానికేముంది?' అంటారు. డిటెక్టివ్ నవలలో దొంగ దొరుకుతాడని తెలిసే కదా చదువుతాం. ఎలా దొరికాడన్నదే మజా. రొమాన్స్‌లో నేను ముఖ్యంగా చూసేది మూడొంతులు అయ్యాక వచ్చే ఎడబాటు. ఈ తరహా నవలలన్నిటిలోనూ దాదాపు అక్కడే ఇద్దరూ విడిపోతారు. అక్కడికి రాగానే చదవడం ఆపి, పెన్సిల్ తీసుకుని వెనక్కి వెళ్తాను. ఈ గొడవకి విత్తనం ఎక్కడ పడింది? ఒక్క ఫోన్‌కాల్‌తో తీరిపోయే అపార్థమైతే అది రచయిత పేజీలు నింపడానికి తెచ్చిన గొడవ. అలాగే రాస్తాను.

ఈమధ్య చదివిన ఒక నవలలో ఒకడు ప్రతి శనివారం ప్రియుడి ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడల్లా టూత్‌బ్రష్ జేబులో తెచ్చుకుంటాడు, వెళ్లేటప్పుడు తడి బ్రష్‌నే టిష్యూలో చుట్టి పట్టుకుపోతాడు. మూడో అధ్యాయంలో ఇది రెండు వాక్యాలు, అంతే. ఇరవయ్యో అధ్యాయంలో అవతలివాడు బాత్రూంలో ఒక కొత్త గ్లాసు పెడతాడు, రెండు బ్రష్‌లకి. అది చూసి వీడు పారిపోతాడు. పదహారేళ్లప్పుడు ఇంట్లోంచి గెంటేసిన మనిషి ఎక్కడా తన వస్తువు వదలడని మనకి అప్పటికి తెలుసు. ఆ గ్లాసు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మళ్లీ కలుస్తారని తెలిసినా ఆ ఎడబాటు అంత నొప్పిగా ఉండడమే పనితనం.

అపోహ: ఇవన్నీ బూతు పుస్తకాలే.

ముద్దు దగ్గర ఆగిపోయేవి ఉన్నాయి, తలుపు వేసేసి తెల్లారాక తెరిచేవి ఉన్నాయి, అంతా వివరంగా రాసేవీ ఉన్నాయి. ఆడ మగ ప్రేమ నవలల్లో ఎన్ని రకాలో ఇక్కడా అన్ని రకాలు. అయినా 'గే' అన్న మాట చూడగానే పెద్దలకు మాత్రమే అనే అరలో పెట్టేయడం అలవాటైపోయింది. 2009 ఏప్రిల్‌లో అమెజాన్‌లో వేల పుస్తకాలకి సేల్స్ ర్యాంకులు మాయమయ్యాయి. వాటిలో గే, లెస్బియన్ పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, శృంగారం ఊసే లేనివి కూడా. కేటలాగ్‌లో జరిగిన పొరపాటని కంపెనీ చెప్పి సరిచేసింది.

కొనేవాళ్లకి ఒక మాట: బొమ్మల అట్ట చూసి మోసపోకండి. ఈమధ్య కార్టూన్‌లా ముద్దుగా గీసిన అట్టలే ఎక్కువ వస్తున్నాయి. లోపల మాత్రం ఎంత స్పైసీగానైనా, అంటే శృంగారం ఎంత వివరంగానైనా ఉండొచ్చు. అందుకే ప్రతి రివ్యూలోనూ స్పైస్ ఎంతో ముందే రాస్తాను. కుటుంబం వెలివేయడం, ఆత్మహత్య ప్రయత్నం, 'గే కాకుండా మార్చేస్తాం' అంటూ చేసే చికిత్స లాంటివి ఉంటే అవీ మొదటే చెప్తాను. ఆ చికిత్స చేయడం వైద్యవృత్తికి విరుద్ధమని మన జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. నవలలో ఏ డాక్టరైనా దాన్ని మంచిపనిలా చేస్తుంటే, రచయిత అతన్ని ఏ కంటితో చూస్తున్నాడో గమనించాలి.

పడకగది సీన్‌లో నేను వెతికేది ఒక్కటే. ఆ సీన్ తర్వాత ఇద్దరి మధ్య ఏమైనా మారిందా? ఏమీ మారకపోతే ఎంత అందంగా రాసినా అక్కడ కథ ఆగినట్టే. ఆరోగ్యం విషయం కూడా చూస్తాను. మందులతో వైరస్ పరీక్షకి దొరకనంత అదుపులో ఉన్న మనిషి నుంచి శృంగారం ద్వారా హెచ్ఐవీ సోకదు. ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రకి అమెరికాలో 2012లోనే అనుమతి వచ్చింది. ఇవాళ్టి కథ రాస్తూ హెచ్ఐవీని ఇంకా మరణశిక్షలా చూపిస్తే అది తప్పని రాస్తాను.

అపోహ: మనవాళ్ల పుస్తకం కాబట్టి విమర్శించకూడదు.

ఇది నేనే కొన్నాళ్లు నమ్మాను. ఉన్నవే తక్కువ, వాటినీ చీల్చి చెండాడితే ఎలా అనుకునేవాణ్ని. ఒకసారి, చాలా బలహీనమైన నవల ఒకటి రివ్యూ కోసం ఉచితంగా వచ్చింది. మెత్తగా, నొప్పి తగలకుండా రాశాను. గాజువాక కుర్రాడొకడు అది చదివి పాకెట్ మనీతో ఈ-బుక్ కొనుక్కున్నాడు. "హీరో వద్దంటున్నా రెండోవాడు వెంటపడి బలవంతం చేస్తాడు కదన్నా, మీరు ప్రేమ అని రాశారు" అని మెసేజ్ పెట్టాడు. నిజమే. ఆ భాగం చదువుతున్నప్పుడు నాకూ గుచ్చుకుంది, అయినా రాయలేదు. ఆ రాత్రే రివ్యూ మార్చి, ఏం మార్చానో కింద రాశాను. పుస్తకం ఉచితంగా వస్తే ఆ సంగతి మొదటి లైన్లోనే చెప్పడం కూడా అప్పట్నుంచే.

మొదట్లో ఇంకో మాట కూడా తెగ వాడేవాణ్ని: 'ఇది గే కథ మాత్రమే కాదు, మనుషుల కథ' అని. కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మెడికల్ షాపు నడిపే ఒక అక్క నా రివ్యూలు వదలకుండా చదువుతుంది. "గే కథైతే మనుషుల కథ కాదా తమ్ముడూ?" అని అడిగింది. ఆ వాక్యం నేను మళ్లీ రాయలేదు.

అపోహ: ఇవి ఆడవాళ్లు రాసేవి, కాబట్టి నిజం ఉండదు.

ఆడవాళ్లు చాలామందే రాస్తారు, అది నిజం. డెబ్బైల్లో 'స్టార్ ట్రెక్' అనే అమెరికా టీవీ సీరియల్ అభిమానులు, అందులో ఎక్కువమంది స్త్రీలు, ఇద్దరు మగ పాత్రల మధ్య ప్రేమ ఊహించి కథలు రాసుకున్నారు. అదే దశకంలో జపాన్‌లో యువతులు అబ్బాయిల ప్రేమకథల్ని మాంగాలుగా, అంటే బొమ్మల కథలుగా గీశారు. ఈ రెండు పాయలూ ఇప్పటి నవలల్లో కలిశాయి. గే రచయితలు, ట్రాన్స్ రచయితలు కూడా ఎందరో రాస్తున్నారు. రాసింది ఎవరని చూసి మార్కులు వేయను. రచయిత ఎవరో ఆరా తీయడం ఎంత చేటు చేస్తుందో అమెరికా రచయిత్రి బెకీ అల్బర్టల్లి విషయంలో చూశాం. గే కుర్రాడి కథ రాసే హక్కు నీకెక్కడిదని ఏళ్ల తరబడి నిలదీస్తే, 2020లో ఆవిడ తాను బైసెక్సువల్ అని బయటపెట్టుకోవాల్సి వచ్చింది. అది ఆవిడ ఇష్టపడి ఎంచుకున్న సమయం కాదు. పేజీ మీద అబద్ధం కనిపిస్తే ఆ పేజీని విమర్శిద్దాం, అంతవరకే.

అపోహ: ఇవి చదవడం నేరం.

కాదు. 377 సెక్షన్ ఉన్న రోజుల్లోనూ కాదు. వయసొచ్చిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపూర్వకంగా శృంగారంలో కలవడాన్ని ఆ సెక్షన్ నేరం చేసేది, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు దాన్నీ తీసేసింది. గే జంటల పెళ్లికి మాత్రం 2023 అక్టోబర్ 17 తీర్పులో గుర్తింపు రాలేదు. కాబట్టి మన దేశంలో జరిగే కథలో ఇద్దరు మగవాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టి చట్టబద్ధంగా మొగుడూ మొగుడూ అయిపోతే, రచయిత చూసుకోలేదని అర్థం. జాయింట్ అకౌంట్ తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. బ్యాంకు కౌంటర్ దగ్గర ఇద్దరూ నామినీ ఫారం నింపుతుండగా ముగిసే నవల ఎవరైనా రాస్తే బాగుండునని నాకెంతో ఆశ.

అపోహ: ఈ కథలు తెలుగులో ఇమడవు.

నిజానికి తెలుగులోనే ఎక్కువ సౌకర్యం. ఇంగ్లీషులో ఇద్దరూ 'హీ'నే, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో తెలియక రచయితలు తంటాలు పడతారు. మనకి వాడు ఉన్నాడు, అతను ఉన్నాడు, ఆయన ఉన్నాడు. కాకపోతే పేపర్ల భాష వదలాలి. 'స్వలింగ సంపర్కులు' అనేసరికి ప్రేమ పోయి సంపర్కం మిగులుతుంది. నేను గే అనే రాస్తాను, అందరికీ అర్థమవుతుంది.

పిలుపుల సంగతి మరీ చెప్పాలి. ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే. మొన్నొక నవలలో నలభై ఏళ్ల డాక్టరు, ఇరవై ఎనిమిదేళ్ల మెకానిక్. రివ్యూ కోసం ఒక అధ్యాయం తెలుగులో చెప్పి చూసుకుందామని కూర్చుంటే, మెకానిక్ 'మీరు' అనడం ఎప్పుడు మానేస్తాడన్న దగ్గర చిక్కుకుపోయాను. మొదటి ముద్దుకి ముందా, తర్వాతా? డాక్టరే అడగాలా, వాడి నోటి నుంచి జారిపోవాలా? మూడు రకాలుగా రాసుకుని, ఆదివారం తెన్నేటి పార్కులో మా ఆఫీసు అక్కకి చదివి వినిపించాను. శ్రీకాకుళం మనిషి, ఇలాంటి కథ వినడం తనకదే మొదలు. కళ్లు మూసుకుని విని, మధ్యలో నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏట్రా, ముద్దు పెట్టీసుకున్నాక కూడా ఇంకా మీరు అంటన్నాడేటి?"