సప్లై చైన్ అంటే లారీలేనా? అపోహలు, వాస్తవాలు

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే రోడ్డు మీద, గ్రానైట్ బ్లాకులు మోసుకొచ్చే ట్రైలర్లను చూస్తూ పెరిగాను. ఇప్పుడు ఒక యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో పరిశోధన చేస్తున్నాను. నా సబ్జెక్టు ప్రపంచ ఇంజినీరింగ్ నెట్‌వర్కులు, సప్లై చైన్లు. ఒక వస్తువును ఒక దేశంలో డిజైన్ చేస్తారు, ఇంకో దేశంలో తయారుచేస్తారు, మూడో దేశంలో వాడతారు, అక్కడే రిపేరు చేసుకుంటారు. వీళ్లందరి మధ్య పని, సరుకు, సమాచారం ఎలా నడుస్తున్నాయో చూడటమే మా పని. సెలవులకు ఇంటికొచ్చిన ప్రతిసారీ మా బాబాయి అడుగుతాడు: "ఏందిరా అబ్బాయ్, యూనివర్సిటీలో ఉద్యోగమంటావు, వచ్చినప్పుడల్లా క్వారీల చుట్టూ, రొయ్యల గుంటల చుట్టూ తిరుగుతుంటావు?" ఆయనతో, ఆయన స్నేహితులతో మాట్లాడినప్పుడు ఎదురైన అపోహల్లో కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సప్లై చైన్ అంటే లారీలు, గోడౌన్లు, పోర్టు.

వాస్తవం: అవి కంటికి కనిపించే భాగం మాత్రమే. మన వెనామీ రొయ్యనే తీసుకోండి. దాని సొంత ఊరు మన బంగాళాఖాతం కాదు, పసిఫిక్ మహాసముద్రపు తూర్పు తీరం. మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో. అంతకుముందు టైగర్ రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలి ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో నెల్లూరు, ప్రకాశం తీరంలో ఎవరినడిగినా చెబుతారు. అందుకే వెనామీ తల్లి రొయ్యలను ఎక్కడంటే అక్కడ పట్టుకొచ్చి వాడనివ్వరు. జబ్బుల్లేవని ధ్రువీకరించిన విదేశీ కేంద్రాల నుంచి, ముఖ్యంగా అమెరికా నుంచి, విమానంలో తెప్పిస్తారు. చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షలయ్యాకే రొయ్య పిల్లల్ని తీసే హేచరీలకు ఇస్తారు. హేచరీలో తీసిన పిల్ల గుంటకు వస్తుంది. గుంటలో పెరిగిన రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్తుంది. అక్కడి నుంచి కొంత మళ్లీ అమెరికాకే ఓడెక్కుతుంది. గట్టు మీద నిలబడిన రైతుకు కనిపించేది ఈ మొత్తంలో నాలుగైదు నెలల ముక్క.

యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయని ఒక కంటైనర్‌ను విదేశంలో తిప్పి పంపారనుకోండి. లారీ సరిగ్గానే నడిచింది, ఓడ టైముకే చేరింది, ఫ్రీజర్ కూడా బాగానే పనిచేసింది. తప్పు జరిగింది ఎప్పుడో రెండు నెలల కిందట, గుంటలో ఏ మందు వేశారో రాసి పెట్టుకోని చోట. రొయ్యతో పాటు ఆ సమాచారం ప్రయాణం చేయలేదు. మేం ముందు వెతికేది దాన్నే.

అపోహ: ఆర్డర్లు పెరిగాయంటే గిరాకీ పెరిగినట్టే.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల పోయిన డబ్బు అంతా ఇంతా కాదు. పిల్లకు కొరత రాబోతోందని ఊళ్లో పుకారు లేచిందనుకుందాం. 2 లక్షల పిల్ల కావాల్సిన రైతు, ఎందుకైనా మంచిదని మూడు హేచరీలకు ఫోన్ చేసి మూడు చోట్లా 2 లక్షలు చెబుతాడు. హేచరీల లెక్కలో అది 6 లక్షలు. వాళ్లు తల్లి రొయ్యల్ని ఇంకా తెప్పిస్తారు, ట్యాంకులు నింపుతారు. రైతుకు మొదటి హేచరీ నుంచి పిల్ల దొరకగానే మిగతా రెండు బుకింగులు మాయమవుతాయి. ఇప్పుడు హేచరీలో పిల్ల ఎక్కువ, కొనేవాడు లేడు, ధర పడిపోయింది. గుంటల విస్తీర్ణం మాత్రం మొదటి రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. మన భాషలో చెర్నాకోల ప్రభావం అనొచ్చు. పిడి దగ్గర చెయ్యి కాస్త ఆడిస్తే కొస ఎంత విసురుగా ఊగుతుందో ఒంగోలు గిత్తల్ని తోలిన పెద్దవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హా లీ, పద్మనాభన్, సుంగ్‌జిన్ వాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు 1997లో దీనికి నాలుగు కారణాలు చూపించారు. తమ దగ్గర కొనేవాళ్ల ఆర్డర్లను మాత్రమే చూసి అంచనాలు వేయడం, ఆర్డర్లను కుప్పగా ఒకేసారి పెట్టడం, ధరలు పెరిగి తగ్గుతుండటం, కొరత వస్తుందని అవసరానికి మించి అడగడం. వాళ్లు చెప్పిన ఉదాహరణల్లో ఒకటి పసిపిల్లల డయాపర్లు. పిల్లలు వాడేది రోజూ దాదాపు ఒకేలా ఉంటుంది, అయినా ఫ్యాక్టరీకి వచ్చే ఆర్డర్లు ఎగిరెగిరి పడుతున్నాయని కంపెనీ వాళ్లే గమనించారు.

దీనికి మందు పెద్ద సాఫ్ట్‌వేరే కానక్కర్లేదు. అడ్వాన్సు కట్టినవాళ్లకే బుకింగ్ అంటే ఉత్తుత్తి ఆర్డర్లు రాలిపోతాయి. ఒక ఊరి రైతులు ఎవరు ఏ వారం పిల్ల వదులుతున్నారో ఒక్క కాగితం మీద రాసి హేచరీకి ఇస్తే ఇంకా మంచిది. చేసిచూడమని ఇప్పటికీ వెళ్లినచోటల్లా అడుగుతూనే ఉన్నాను.

అపోహ: పెద్ద కంపెనీలకు తమ సప్లై చైన్ మొత్తం తెలుసు.

వాస్తవం: తమకు నేరుగా అమ్మేవాళ్లు తెలుసు. ఆ అమ్మేవాళ్లకు ఎవరు అమ్ముతున్నారో చాలాసార్లు తెలియదు. 2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఇది బయటపడింది. కారు రంగుల్లో తళుకు కోసం కలిపే క్సిరాలిక్ అనే పొడి ఒకటుంది. జర్మనీకి చెందిన మెర్క్ కంపెనీ దాన్ని ఫుకుషిమా ప్రాంతంలోని ఒనహామా ఫ్యాక్టరీలో మాత్రమే తయారుచేసేది. అది ఆగిపోగానే అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఒక నలుపు రంగుకు, కొన్ని ఎరుపు రంగులకు ఆర్డర్లు తీసుకోవద్దని డీలర్లకు చెప్పాల్సి వచ్చింది. ఇంజిన్ ఉంది, టైర్లు ఉన్నాయి, తళుకు లేదు.

ఇది చదివిన రోజు నాకు చీమకుర్తే గుర్తొచ్చింది. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీకి ప్రపంచమంతా చూసేది మా చీమకుర్తి వైపే. ఎక్కడో ఏ దేశంలోనో హోటల్ లాబీకి ఆ రాయే కావాలని ఆర్కిటెక్టు గీస్తే, అతని పని మన క్వారీల మీద ఆధారపడ్డట్టే. మన క్వారీలు మాత్రం దేనిమీద ఆధారపడ్డాయి? రాతిని కోసే వైర్ సా (తీగ రంపం) పూసల్లో, బ్లేడు అంచుకు అతికించే సెగ్మెంట్లలో ఉండేది కృత్రిమ వజ్రపు పొడి. దాని తయారీలో ప్రపంచంలో చైనాదే పైచేయి. మన బ్లాకులు ఎక్కువగా కొనేవాళ్లలోనూ చైనా ఉంది. ఒకే దేశం మనకు పనిముట్టూ ఇస్తోంది, సరుకూ కొంటోంది. "సెగ్మెంట్లు ఎవరి దగ్గర కొంటారు?" అని అడిగితే క్వారీ మేనేజర్లు ఒంగోల్లో డీలరు పేరు చెబుతారు. ఆ డీలరు వెనక ఎవరున్నారో గీసి చూపించమంటే పెన్ను ఆగిపోతుంది. ఫోర్డ్ కంపెనీకి ఎదురైన సమస్యే ఇదీ, సైజులోనే తేడా.

అపోహ: డిజైన్ విదేశాల్లో హెడ్డాఫీసు పని. మనది వాళ్లు చెప్పింది చేసిపెట్టే పని.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. మన ఇంజినీరింగ్ పిల్లలు కూడా దీన్ని నమ్ముతున్నారు.

మొదట పెద్ద ఉదాహరణ చెబుతాను. ఎయిర్‌బస్ ఎ380 విమానం భాగాల్ని ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, స్పెయిన్ దేశాల్లో తయారుచేశారు. జర్మనీలో హాంబర్గ్ ఇంజినీర్లు, ఫ్రాన్స్‌లో టూలూజ్ ఇంజినీర్లు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడారు. వైరింగ్ వంపులు తిరిగేచోట లెక్క తేడా వచ్చింది. విమానం బిగించేటప్పుడు చూస్తే వైర్లు పొట్టి. వందల కిలోమీటర్ల వైరింగ్ ఉన్న విమానం అది. దాదాపు రెండేళ్లు ఆలస్యమైంది. ఓడల్లో, లారీల్లో ఏ లోపమూ లేదు. రెండు ఊళ్ల ఇంజినీర్ల మధ్య నడవాల్సిన డ్రాయింగే సరిగా నడవలేదు.

ఫ్యాక్టరీలను ఒక్కొక్కటిగా కాక నెట్‌వర్క్‌గా చూడాలని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన యోంగ్‌జియాంగ్ షి, మైక్ గ్రెగరీ 1998లో ఒక వ్యాసంలో వాదించారు. ఆ ఆలోచనే తర్వాత ఇంజినీరింగ్ పనికీ విస్తరించింది. ఆలోచన పుట్టడం దగ్గర్నుంచి డిజైన్, తయారీ, వాడకం, రిపేరు, చివరికి పాతదాన్ని తీసెయ్యడం దాకా అంతా ఇంజినీరింగే. అందులో రిపేరు చేసేవాడి తెలివి డిజైన్ చేసేవాడికి చేరుతోందా లేదా అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న.

ఇందుకూరుపేట వైపు ఒక లేత్ షాపుకు వెళ్లాను. అక్కడ మెకానిక్ రొయ్యల గుంటల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల గేర్‌బాక్సులు బాగుచేస్తాడు. ఉప్పునీళ్లకు ఆయిల్ సీల్ తొందరగా పాడై, నీళ్లు లోపలికి పోయి గేర్లు తినేస్తున్నాయని గమనించి, లేత్ మీద ఒక బుష్ (గొట్టంలాంటి తొడుగు) చేసి షాఫ్ట్‌కు వేసి, ఇంకో రకం సీల్ బిగిస్తున్నాడు. అతను చేసినవి మళ్లీ షెడ్డుకు తొందరగా రావట్లేదని రైతులే చెప్పారు. "ఈ సంగతి ఏరియేటర్ కంపెనీకి చెప్పావా?" అనడిగాను. "ఎవరికి చెప్పేది సార్? వాళ్లు నన్నెప్పుడూ అడగలేదే," అన్నాడు. ఆ ఏరియేటర్ డిజైన్ చేసినవాళ్లు ఎక్కడో ఉన్నారు. వాళ్లకు కావాల్సిన జవాబు ఈ షెడ్డులో ఉంది. వాళ్లిద్దర్నీ కలిపే దారి ఎవరూ వేయలేదు.

విదేశీ కంపెనీలు వేరే దేశాల్లో పెట్టిన ఫ్యాక్టరీలను కస్రా ఫెర్డోస్ అనే పరిశోధకుడు 1997లో ఆరు రకాలుగా విడదీశాడు. చౌకగా చేసిపెట్టడం కోసమే పెట్టిన ఫ్యాక్టరీ ఒక చివర, కొత్త డిజైన్లు, కొత్త పద్ధతులు తానే పుట్టించే ఫ్యాక్టరీ ఇంకో చివర. మొదటి రకంగా మొదలైనది మెల్లగా రెండో రకంగా ఎదగొచ్చని ఆయన చూపించాడు. తడ, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో చేరుతున్న మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీ లైన్‌లో డ్రాయింగుకూ చేతికీ పొసగనిది ఏమున్నా రాసి పైకి పంపండి, మీ పేరుతో పంపండి.

అపోహ: నిల్వ లేకుండా నడిపించడమే తెలివి. టయోటా అలాగే చేస్తుంది.

వాస్తవం: 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే పి-వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి, టయోటా దగ్గర నిల్వ చాలా కొద్దిగా ఉంది. లైన్లు ఆగాయి. కానీ వారం తిరిగేసరికి ఉత్పత్తి చాలావరకు గాడిలో పడింది. కుట్టు మిషన్ల కంపెనీ బ్రదర్‌తో సహా ఎన్నో సంస్థలు డ్రాయింగులు తీసుకుని ఆ వాల్వులు చేసిపెట్టాయి. నిల్వ తక్కువున్నా నడిచింది, ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన సంబంధాలు ఉండబట్టి. అవి లేకుండా నిల్వ ఒక్కటే తగ్గించుకున్నవాడికి నిప్పు రానక్కర్లేదు, ఒక్క వాన చాలు. పైగా అదే టయోటా 2011 తర్వాత చిప్పుల్లాంటి వాటికి నెలల తరబడి నిల్వ ఉంచమని సప్లయర్లకు చెప్పింది.

అపోహ: యూనివర్సిటీ వాళ్లు ఫారాలు నింపించుకుని పోతారు, వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

వాస్తవం: కొంత నిజమే, అది నా అనుభవమే. మొదటి సంవత్సరం 40 ప్రశ్నల ఫారం పట్టుకుని ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీకి వెళ్లాను. పని ఒత్తిడిలో ఉన్న సూపర్‌వైజరు పది నిమిషాల్లో అన్ని ప్రశ్నలకూ ఒకే మార్కు, 4, వేసి ఇచ్చేశాడు. ఆ ఫారంలో నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు, ఆయనకు అసలే లేదు. తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ఒకే ఒక్క ఆర్డర్ పట్టుకుంటాను. ఈ మధ్య ఆలస్యమైంది ఏది? ఆలస్యమవుతుందని మొదట ఎవరికి తెలిసింది? వాళ్లు ఎవరికి, ఎన్నాళ్లకు చెప్పారు? ఆ ఆర్డర్ వెంట ఫ్యాక్టరీ, క్వారీ, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, పోర్టు ఏజెంటు దాకా వెళ్తాను. ఎవరి పేరూ రాయను, ధరలు బయటపెట్టను, రాసింది ముందు వాళ్లకే చదివి వినిపిస్తాను.

అలా రెండోసారి వెళ్లినప్పుడు అదే సూపర్‌వైజరు లోపలికెళ్లి అట్ట చిరిగిన ఒక నోటుబుక్కు తెచ్చాడు. ఏ బ్లాకులో ఎక్కడ పగులు కనిపించింది, ఏ రోజు క్వారీకి ఫోన్ చేశాడు, వాళ్లు ఎప్పుడు జవాబిచ్చారు, అన్నీ తేదీలతో రెండేళ్లుగా రాసుకున్నాడు. ఓనరుకు కూడా ఎప్పుడూ చూపించలేదట. ఆ సాయంత్రం ఇద్దరం ఆ తేదీలన్నీ ఒక చార్టు మీద గీశాం. మర్నాడు ఆయన దాన్ని ఓనరు గదిలో గోడకు అంటించాడు.