చెప్పు జారితే తెలుస్తోందా?

కాళ్లలో పట్టు తగ్గిందని నరాల డాక్టరు దగ్గరికి వెళ్తే, మంచి డాక్టరు స్కానింగ్ ఫిల్ములు తెరవకముందే ఒక మాట అడుగుతారు. "నడిచేటప్పుడు చెప్పు జారిపోతోందా? జారితే మీకు తెలుస్తోందా?"

"తెలుస్తాంది సార్, వేళ్లతో పట్టి పెట్టుకోలేకుండా ఉండా" అంటే స్పర్శ బాగానే ఉంది, పాదం కండల్లో బలం తగ్గింది. "తెలీదు సార్, నాలుగడుగులు పొయ్యినాక చూసుకుంటే కాలికి చెప్పుండదు" అంటే స్పర్శను మోసే నరాలు దెబ్బతిన్నాయి. ఇలా చెప్పినవాళ్లను ఇంకో ప్రశ్న అడుగుతారు. స్నానం చేసేటప్పుడు మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే తూలు వస్తోందా? కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాలు పాడైతే మనిషి ఆ పని కళ్లతో నెట్టుకొస్తాడు. కళ్లు మూస్తే ఆ ఆధారమూ పోతుంది. షుగరు, విటమిన్ బీ12 లోపం లాంటివి అక్కణ్నుంచి లెక్కలోకి వస్తాయి. పైసా ఖర్చు లేకుండా, రెండు ప్రశ్నలతో, వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోయింది.

జబ్బేమిటో తేలక తిరిగేవాళ్లు మా సీమలో తక్కువేం లేరు. అనంతపురం వాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కి, కర్నూలు వాళ్లు హైదరాబాద్ నిమ్స్‌కి, కడప వాళ్లు తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో పోతుంటారు. చేతిలో బట్టల షాపు సంచి, అందులో రెండు మూడు ఎమ్మారైలు, రక్తపరీక్షల కాగితాలు, వాడి వదిలేసిన మందుల అట్టలు. ఫలానా నెలలో ఫలానా పని మొదట చెయ్యలేకపోయామన్న ఒక్క వాక్యం మాత్రం ఆ సంచిలో ఎక్కడా ఉండదు. నరాల, కండరాల జబ్బుల్లో అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ వాక్యమేనని నా గట్టి నమ్మకం.

కాలు కదపాలన్న ఆజ్ఞ మెదడు పైపొరలో పుట్టి వెన్నుపాములోకి దిగుతుంది. అక్కడ ఇంకో నరకణం దాన్ని అందుకుంటుంది. ఆ కణం నుంచి బయల్దేరిన నరం వెన్నుపూసల సందులోంచి బయటికొచ్చి కండ దాకా పోతుంది. నరం కొసకీ కండకీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ ఖాళీ దాటితేనే కండ ముడుచుకుంటుంది. ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా రోగి అనేది ఒకటే, "కాలు ఆడట్లేదు" అని. గుర్తులు మాత్రం చోటును బట్టి మారతాయి. మెదడులోనో వెన్నుపాములోనో అయితే కాలు బిగుసుకుపోతుంది, మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టితే ఎగిరిపడుతుంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. బొటనవేలు చెప్పే ఈ సంగతిని 1896లో పారిస్ డాక్టరు జోసెఫ్ బాబిన్‌స్కీ వివరించాడు. అది చూడ్డానికి ఈనాటికీ తాళం చెవి కొస చాలు. నరంలో అయితే కాలు వాలిపోతుంది, కండ కరుగుతుంది, సుత్తికి కదలిక ఉండదు. జబ్బు కండలోనే ఉంటే స్పర్శ చెక్కుచెదరదు, చాలాసార్లు తుంటి, భుజం దగ్గరి పెద్ద కండలు ముందు సడలుతాయి.

కింద గొంతుకూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నారా, జడ వేసుకుంటుంటే చేతులు దిగిపోతున్నాయా అని అడిగేది ఈ పెద్ద కండల గురించే. సంగటి ముద్ద చేసుకోలేకపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, తలుపు తాళం తిప్పలేకపోవడం చేతి చివర కండల కష్టాలు. "నీరసంగా ఉంది" అని ఊరుకోకుండా ఏ పని చెయ్యలేకపోతున్నారో చెప్తే డాక్టరుకు దారి దొరుకుతుంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. వేరుశనగ చేలో రోజంతా గొంతుకూర్చుని కలుపు తీసే మనిషి సాయంత్రం లేచి నడవబోతే కుడి పాదం పైకి లేవదు. వేళ్లు నేలకు గీసుకుంటున్నాయి. నొప్పి పెద్దగా లేదు. పక్షవాతమేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. టౌనుకు తీసుకుపోయి నడుముకు ఎమ్మారై తీయిస్తే "డిస్క్ బల్జ్" అని, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు ఉబ్బిందని వస్తుంది. ఇక మాటలన్నీ నడుము గురించే, ఆపరేషన్ గురించే. అయితే డిస్క్ ఉబ్బు ఏ బాధా లేనివాళ్లలో కూడా మామూలే. 50 ఏళ్ల వయసులో ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా సగం మందికి పైగా కనిపిస్తుంది. ఫిల్ములో ఉబ్బు ఉన్నంత మాత్రాన పాదం వాలింది దానివల్లేనని చెప్పడానికి లేదు.

మోకాలికి బయటి పక్క, కాస్త కిందుగా తడిమితే ఒక ఎముక గుబ్బ తగులుతుంది. పాదాన్ని పైకెత్తే నరం ఆ గుబ్బ కిందుగా చుట్టుకుని, చర్మానికి అంటుకున్నట్టే పోతుంది. గంటల తరబడి గొంతుకూర్చుంటే అక్కడ నలుగుతుంది. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటున్నా, మనిషి ఉన్నట్టుండి బాగా చిక్కిపోయినా, సిమెంటు కట్టు బిగువుగా పడినా అంతే. నలిగింది నడుములోనా, మోకాలి దగ్గరా అని తేల్చడానికి డాక్టరు పాదాన్ని లోపలికి తిప్పమంటారు, అరికాలు రెండో కాలి వైపు చూసేలా. ఆ కదలిక చేసే కండకు వేరే నరం వెళ్తుంది. కానీ నడుములో రెండిటికీ మూలం ఒకే చోట ఉంది. పాదం లోపలికి గట్టిగా తిరుగుతూ, పైకీ బయటికీ మాత్రం రాకపోతే నలిగింది మోకాలి దగ్గర. లోపలికి కూడా తిరగకపోతే నడుము వైపు చూడాలి. ఆ తర్వాత నరాలకు కరెంటు పెట్టి చూసే ఎన్‌సీఎస్ పరీక్ష చేస్తే, గుబ్బ దగ్గరికి వచ్చేసరికి కరెంటు ఆగిపోవడమో నెమ్మదించడమో తెర మీద కనిపిస్తుంది. ఒత్తిడి పడకుండా చూసుకుంటే ఇలాంటి నలుగుడు చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. ఈ మనిషికి నడుము ఆపరేషన్ చేస్తే ఏం లాభం?

అదే గుబ్బ దగ్గర నరం లావెక్కి తగిలి, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు గురించి ఆలోచించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, జబ్బు నయమవుతుంది. సిగ్గుపడి దాచుకున్న నెలల్లో వేళ్లు వంగిపోతాయి, అవి మళ్లీ మామూలు కావడం కష్టం.

ఎక్కడ అన్నది తేలాక, ఎంత వేగంగా, ఏ వేళకు అన్నది చూడాలి. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కాసేపటికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంటే గాటు కనపడకపోయినా కట్లపాము కాటేమోనని అనుమానించాలి. దాని కాటు పెద్దగా నొప్పెట్టదు, నిద్రలో తెలియను కూడా తెలియదు. విషం పనిచేసేది నరం కొస దగ్గర.

ఒకటి రెండు వారాల కింద విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గిన మనిషికి అరికాళ్లలో తిమ్మిరి మొదలై, రోజుల్లోనే బలహీనత పైపైకి పాకితే అది గులియన్-బారే సిండ్రోమ్ కావచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే పడే జబ్బు ఇది. 1916లో ఫ్రెంచి డాక్టర్లు వివరించారు. వెన్ను నీటిలో ప్రొటీన్ పెరగడం దీని గుర్తు. అయితే మొదటి వారంలో ఆ పరీక్ష నార్మల్‌గా రావచ్చు, కరెంటు పరీక్షా నార్మల్‌గా రావచ్చు. రిపోర్టు బాగుందని ఇంటికి పంపిస్తే ఊపిరికే ముప్పు. గట్టిగా గాలి పీల్చుకుని ఒకే ఊపిరిలో, సెకనుకు రెండు చొప్పున అంకెలు లెక్కపెట్టమనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 50 దాకా పోతారు. 20 దాటలేకపోతున్నా, మంచినీళ్లు మింగలేకపోతున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

పెళ్లి భోజనం గట్టిగా తిని పడుకున్న కుర్రాడు పొద్దున కాళ్లు చేతులు కదపలేడు, సాయంత్రానికి లేచి తిరిగేస్తాడు. రక్తంలో పొటాషియం పడిపోవడం వల్ల వచ్చే పక్షవాతమిది, కొందరిలో థైరాయిడ్ ఎక్కువ కావడం దీని వెనక ఉంటుంది. కాళ్లు పడిపోయి ఉన్నప్పుడే రక్తం తియ్యాలి. మర్నాడు తీస్తే అంతా నార్మల్. అప్పుడు "పని ఎగ్గొట్టడానికి నాటకం" అని ఇంట్లోవాళ్లే అంటారు. ఎంత అన్యాయం!

మయస్థీనియా గ్రావిస్‌లోనూ ఇలాంటి అన్యాయమే జరుగుతుంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చునే ఒకామెను ఊహించుకోండి. పొద్దున అంతా బాగుంటుంది. పొద్దు వాలేకొద్దీ ఒక రెప్ప వాలుతుంది, పోగులు రెండేసిగా కనిపిస్తాయి, రాత్రి అన్నం నమలడానికి దవడ రాదు. ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే చోట్లను ఒంటి రక్షణ వ్యవస్థే దెబ్బతీయడం వల్ల వాడేకొద్దీ కండ అలసిపోతుంది. మన ఆసుపత్రుల్లో ఓపీ నడిచేదేమో పొద్దున. డాక్టరు ముందు ఆమె రెప్ప చక్కగా తెరుచుకునే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి సెల్‌ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో ఇక్కడ ఎమ్మారై కంటే ఎక్కువ పనిచేస్తుంది. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెడితే లేవడం కూడా ఒక పరీక్షే. అలా దెబ్బతీసే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష ఒళ్లంతా జబ్బున్నవాళ్లలో దాదాపు 85 శాతం మందిలో పాజిటివ్ వస్తుంది, కళ్లకే పరిమితమైతే సగం మందిలోనే. ఈ జబ్బుకు మందు పనిచేస్తుందని 1934లో ఇంగ్లండ్‌లో పనిచేసిన డాక్టరు మేరీ వాకర్ చూపించింది. ఆ కోవకే చెందిన పైరిడోస్టిగ్మిన్ మాత్రలు ఇప్పుడు మన మందుల షాపుల్లో దొరుకుతాయి.

అనంతపురం వైపు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: ఏ నీళ్లు తాగుతున్నారు? ఇక్కడ చాలా బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక మందమై, వెన్నుపామును నొక్కి, కాళ్లు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును, ఫ్లోరోసిస్‌ను, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించి రాశారు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని శాతం పెరుగుతుంది. బీ12 సంగతి ఇంతకంటే తేలిక. మాంసం, పాలు, గుడ్లు బాగా తక్కువ తినేవాళ్లలో, మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడే షుగరు రోగుల్లో అది తగ్గుతుంది. రక్తహీనత లేకుండానే వెన్నుపాము దెబ్బతినవచ్చు. త్వరగా పట్టుకుంటే చాలావరకు వెనక్కి వస్తుంది.

అన్ని పరీక్షలూ చేశాక కూడా నార్మల్ అని వస్తే? సన్నటి నరాల జబ్బుల్లో అరికాళ్లు మండిపోతున్నా ఎన్‌సీఎస్ నార్మల్‌గానే ఉంటుంది, ఎందుకంటే అది లావు నరాలనే కొలుస్తుంది. నరం తెగినా కండలోకి సూది గుచ్చి చేసే ఈఎంజీలో గుర్తులు కనపడ్డానికి రెండు మూడు వారాలు పడుతుంది. నరాలు, కండలు బాగానే ఉండి, వాటిని నడిపే మెదడు తీరు తప్పే జబ్బూ ఒకటుంది, ఫంక్షనల్ డిజార్డర్ అంటారు. దానికీ సొంత గుర్తులున్నాయి. పడుకుని కాలు కిందికి అదమమంటే అదమలేని మనిషి, రెండో కాలు పైకెత్తమన్నప్పుడు ఈ కాలి మడమను గట్టిగా అదుముతాడు. 1908లో హూవర్ చెప్పిన గుర్తు ఇది. రోగి నటించట్లేదు. ఓపిగ్గా వివరించి, తగిన ఫిజియోథెరపీ చేయిస్తే కోలుకునేవాళ్లున్నారు. "నీకేం లేదు పో" అన్న మాట మాత్రం ఏ జబ్బుకూ వైద్యం కాదు.

చివరగా పిల్లల సంగతి. నాలుగైదేళ్ల మగపిల్లాడు తరచూ పడిపోతుంటాడు, మెట్లెక్కలేడు, నేల మీంచి లేవాలంటే తన తొడల మీదే చేతులు పెట్టుకుని పైకి పాకుతాడు. పిక్కలు లావుగా ఉంటాయి కాబట్టి పుష్టిగా ఉన్నాడనుకుంటారు. రక్తపరీక్షలో కాలేయం కోసం చూసే ఎస్‌జీపీటీ ఎక్కువొస్తే కామెర్లని పసరు పోయిస్తారు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కాలేయం నుంచే కాదు, చితికిన కండల నుంచి కూడా రక్తంలోకి వస్తాయి. కండ చితికితే రక్తంలో పెరిగే సీపీకే కోసం పరీక్ష చేస్తే 200 దగ్గర ఉండాల్సింది వేలల్లో, పదివేలల్లో కనిపిస్తుంది. డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ అది. మేనరికం వల్లే వచ్చిందని తల్లిదండ్రుల్ని నిందిస్తారు గానీ, దీనికి మేనరికంతో సంబంధం లేదు. ఎక్స్ క్రోమోజోము మీది డిస్ట్రోఫిన్ జన్యువులో లోపమిది, తల్లి నుంచి రావచ్చు, బిడ్డలో కొత్తగానూ పుట్టవచ్చు. మేనరికం ముప్పు పెంచేది వేరే రకం కండర జబ్బుల్లో, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యువు కాపీలు రెండూ చెడితేనే వచ్చేవాటిలో. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లాడితే బిడ్డకు ఏదైనా జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1, మేనమామనే చేసుకుంటే 8లో 1.

పూర్తిగా నయం కాని జబ్బుకు పేరు తెలిస్తే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లుంటారు. పసరు ఆగుతుంది. స్టెరాయిడ్ వేళకు మొదలైతే పిల్లాడు ఇంకొన్నేళ్లు నడుస్తాడు. గుండెకు ఎకో, ఊపిరికి పరీక్ష క్రమంగా జరుగుతాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ కలిసి ఇలాంటి జబ్బులకు ఒక కేంద్రంగా ఉన్నాయి. అక్కడికి పిల్లాడితో పాటు తల్లి కూడా వెళ్లాలి, ఆమె రక్తం కూడా పరీక్షించాలి. తల్లిలో లోపం కనిపిస్తే పెళ్లీడుకొచ్చిన అక్కకు, పిన్నమ్మలకు కూడా ఆ పరీక్ష గురించి చెప్పాలి.