తెర అక్కడ వేయొద్దు: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. యూత్ మీటింగ్ కోసం మీరు రాసుకున్న నాటిక అందింది. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథను ఎంచుకున్నందుకు నాకెంతో సంతోషం. మామూలుగా పిల్లలు దావీదు, గొల్యాతు అంటారు, లేకపోతే దానియేలు, సింహాల గుహ అంటారు. ఈ కథ జోలికి ఎవరూ రారు. వచ్చినా ఆ ఒక్క మాట దగ్గర గొంతు తగ్గించేస్తారు. మీరూ అదే చేశారు. ఆమెకు "ఏదో తీరని జబ్బు" అని రాశారు. ఆమె యేసు వస్త్రం ముట్టుకోగానే బాగైపోయింది, అందరూ పాట పాడారు, తెర పడింది.

అక్కడ తెర వేయొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. అక్కడికి ఆమె ఒంటి జబ్బు మాత్రమే పోయింది. సిగ్గు ఇంకా పోలేదు.

ముందు ఆ సిగ్గు ఎలాంటిదో చూడండి. బైబిల్లో యూదుల ధర్మశాస్త్రం ఉన్న లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం నెలసరి వచ్చిన స్త్రీ ఏడు రోజులు అపవిత్రురాలు. రక్తం ఆగకపోతే, పోయినన్నాళ్ళూ అంతే. ఆమె పడుకున్న పరుపు, కూర్చున్న చోటు కూడా మైలే. వాటిని ముట్టుకున్నవాళ్ళు బట్టలు ఉతుక్కుని, స్నానం చేసి, సాయంత్రం దాకా ఆగాలి. విడిగా చాప, విడిగా కంచం, "బయట ఉంది, ముట్టుకోకు" అన్న మాటలు విన్న మన తెలుగు ఇళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి. అపవిత్రత అంటే పాపం అని కాదు. అదే అధ్యాయంలో మగవాళ్ళ స్రావాలకు కూడా నియమాలున్నాయి. కాబట్టి ధర్మశాస్త్రాన్ని మీ నాటికలో విలన్ చేయకండి. యేసు కూడా దాని కిందే పెరిగినవాడు.

కానీ ఏడు రోజుల నియమం వేరు, పన్నెండేళ్ళ బతుకు వేరు. ఆ బతుకు ఎలా గడిచిందో యేసు చరిత్ర చెప్పే సువార్తల్లో లేదు. అది ఊహించడమే కథ రాసేవాళ్ళ పని. నేనైతే ఇలా ఊహిస్తాను.

తెల్లవారకముందే లేచి గుడ్డలు ఉతుక్కుంటుంది. ఎండలో ఆరేస్తే నలుగురి కంట్లో పడతాయని గోడ వెనక, ఇంకో బట్ట కింద దాచి ఆరేస్తుంది. అవి ఎప్పుడూ సరిగ్గా ఆరవు. ఆ తడి గుడ్డే మళ్ళీ కట్టుకుంటుంది. చెల్లెలి కూతురు పరుగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకోబోతే రెండడుగులు వెనక్కి వేస్తుంది. పిల్ల ఏడుస్తుంది. ఎందుకు వెనక్కి తగ్గిందో ఆ పసిదానికి ఎలా చెప్పాలి? పెళ్ళి పిలుపులు మొదట రావడం మానేశాయి. తర్వాత ఎప్పుడైనా ఒకటీ అరా వచ్చినా తనే వెళ్ళడం మానేసింది. ముందు ఊరు ఆమెను దూరం పెట్టింది, కొన్నాళ్ళకు ఆ పని ఊరికి లేకుండా ఆమే చేసుకుంది.

ఇలాంటి రెండు మూడు నిమిషాలు మీ నాటికలో ఉండాలి. మాటలు కూడా అక్కర్లేదు.

ఉన్న డబ్బంతా వైద్యులకు ఖర్చయిపోయిందని, జబ్బు తగ్గకపోగా ముదిరిందని మార్కు తన సువార్తలో రాశాడు. లూకా మాత్రం ఆమెను ఎవరూ బాగుచేయలేకపోయారని చెబుతాడు. ఆయన వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది కదా, ఆమె చరిత్ర వినేటప్పుడు ఆ మనసు ఎంత బరువెక్కి ఉంటుందో అనుకుంటాను. పన్నెండేళ్ళు రక్తం పోతే మనిషిలో ఏం మిగులుతుంది? ఆయాసం, కళ్ళు తిరగడం, మెట్టు ఎక్కితే గుండె దడ. కాబట్టి ఆ పాత్ర వేసే అమ్మాయి గుంపులోకి పరుగెత్తకూడదు. ఆగి ఆగి, ఊపిరి పీల్చుకుంటూ రావాలి.

ఇప్పుడు ఆమె ముట్టుకున్న ఆ చెంగు. మీరు యేసు పాత్రకు మెరిసే పట్టు శాలువా కప్పుతామని రాశారు. వద్దు. ఇశ్రాయేలీయులు బట్టల అంచులకు కుచ్చులు కట్టుకుని, వాటికి నీలి దారం తగిలించుకోవాలని సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో ఉంది. వాటిని చూసినప్పుడల్లా దేవుని ఆజ్ఞలు గుర్తుకు రావాలని. వస్త్రపు చెంగు ముట్టుకుందని మత్తయి, లూకా రాసినప్పుడు నా కళ్ళకు ఆ కుచ్చే కనబడుతుంది. తనను ముట్టుకున్నవాళ్ళకు మైల అని చెప్పిన ఆజ్ఞలను గుర్తుచేసే దారాన్నే ఆమె వేళ్ళతో పట్టుకుంది! మామూలు తెల్ల దుప్పటికి నాలుగు మూలలా కుచ్చులు కుట్టి, ఒక్కో నీలి దారం వేయండి. చాలు.

ముట్టుకుంది. రక్తం ఆగింది. అది ఆమెకే తెలిసింది. ఆమె అనుకున్నదీ అంతే, వెనక నుంచి వచ్చి, ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోవాలని.

ఆయన ఆగిపోయాడు. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. ఇంతమంది మీద పడుతుంటే ఎవరని ఏం చెప్తామని శిష్యులు విస్తుపోయారు. ఆయన మాత్రం కదలకుండా చుట్టూ చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడ మీలో ఎవరికైనా కోపం రావాలి. పాపం, అంత మందిలో ఆమెను ఎందుకు బయటపెట్టాడు? గుట్టుగా పోనివ్వొచ్చు కదా? చిన్నప్పుడు నాకూ ఇదే అనిపించేది. ఇప్పుడు నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఆమె అలాగే జారుకుని ఉంటే జబ్బు లేని మనిషిగా వెళ్ళేది కానీ, దొంగిలించిన వరం దాచుకున్నట్టు బతికేది. ఊరికి ఆమె ఇంకా మైల మనిషే. తన గురించి తనకూ అదే మాట. ఆమె వణుకుతూ వచ్చి, ఆయన ముందు సాగిలపడి, ఉన్నదంతా చెప్పింది. పన్నెండేళ్ళలో ఆమె మాట మొదటి నుంచి చివరిదాకా ఎవరైనా విన్నారో లేదో! ఆయన విన్నాడు. నన్ను మైల చేశావని అనలేదు. "కుమారీ" అన్నాడు.

సువార్తల్లో యేసు ఎదురుగా ఉన్న ఒక స్త్రీని అలా కూతురా అని పిలిచింది ఇక్కడే. ఆ పిలుపు బరువు తెలియాలంటే యాయీరును చూడాలి. మీరు నిడివి ఎక్కువైందని అతని పాత్ర తీసేశారు, దయచేసి మళ్ళీ పెట్టండి. అతను సమాజమందిరపు అధికారి. ఒక్కగానొక్క కూతురు చావుబతుకుల్లో ఉంటే యేసు కాళ్ళ మీద పడ్డాడు. యేసు అతని ఇంటికి వెళ్తున్న దారిలోనే ఈమె వచ్చి ముట్టుకుంది. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. అంటే ఆ ఇంట్లో పాప పుట్టిన రోజుల్లోనే ఈమెకు రక్తం పోవడం మొదలైంది. ఆ పాప కోసం కాళ్ళు పట్టుకునే నాన్న ఉన్నాడు. ఈమె తరఫున ఎవరూ రాలేదు. అందుకే ఆయన నోట ఆ మాట వచ్చినప్పుడు వెనక మ్యూజిక్ కూడా వద్దు. యాయీరు పక్కనే నిలబడి, ఒక్కో క్షణం గడుస్తుంటే టెన్షన్ పడుతూ, అది వినాలి.

మీ నాటికలో ఒక పెద్దాయన "విశ్వాసం ఉంటే భయం ఉండదు" అంటాడు. ఆ డైలాగ్ తీసేయండి. ఈమె వణుకుతూనే వచ్చింది, ఆయన దాన్నే విశ్వాసం అన్నాడు. ఇంకో మాట. చూడ్డానికి వచ్చినవాళ్ళలో జబ్బుతో ఉన్నవాళ్ళు ఉంటారు. ముట్టుకోగానే తగ్గలేదంటే నమ్మకం చాల్లేదని వాళ్ళకు అనిపించే మాట ఒక్కటి కూడా ఉండకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మీలో ఏ ఆడపిల్లకైనా రక్తం ఎక్కువ పోతుంటే, రోజులు పెరిగిపోతుంటే, సిగ్గుపడి ఊరుకోకుండా అమ్మకు చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ప్రార్థన మానక్కర్లేదు, మందు మానక్కర్లేదు.

సిగ్గు ఒంటి గురించే ఉండాలని లేదు. ఇంట్లో గొడవలు, మార్కులు, ఎవరో చేసిన పాడుపనికి తామే తప్పు చేసినట్టు నలిగిపోవడం, ఇవన్నీ మీ వయసు వాళ్ళు మోస్తున్నారని నాకు తెలుసు. మైకు పట్టుకుని చెప్పమనడం లేదు. మధ్యలో ఆపకుండా వినే పెద్దమనిషి ఒకరిని వెతుక్కుని చెప్పండి. నాకు చెప్పినా సరే. ఎవరికీ చెప్పలేకపోతే పిల్లల కోసం 1098 అనే ఉచిత ఫోన్ నంబర్ ఉంది.

ఆమెకు వెరోనికా అని పేరు పెట్టారు. సువార్తల్లో పేరు లేదు, అది తర్వాతి కాలపు కథల్లో వచ్చింది. కథే కాబట్టి ఉంచుకోవచ్చు. కానీ గుంపులో ఎవరూ ఆ పేరుతో పిలవకూడదు. "అదిగో, ఆమె" అనాలి.

మార్చిన స్క్రిప్ట్ ఈ వారంలోనే పంపండి. కథ చెప్పేవాడిగా మగపిల్లల్లో ఒకరిని పెట్టండి. "రక్తస్రావం" అన్న మాట నవ్వకుండా, నసగకుండా, వెనక బెంచీ దాకా వినబడేలా చెప్పాలి. రిహార్సల్ రోజు నేనూ వచ్చి వెనకే కూర్చుంటాను.

మీ పెద్దమ్మ