కాన్పు తర్వాత తగ్గని నీరసం: కార్టిసాల్ గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: "పెద్ద గండం గడిచాక నీరసం మామూలే, తిని పడుకుంటే పోతుంది."

చాలామందికి పోతుంది. పోనివాళ్ల గురించే నా బెంగ. మే నెల ఎండల్లో శాలువా కప్పుకుని వచ్చారు ఒకావిడ. ముఖం పాలిపోయింది, కనుబొమలు పలచబడ్డాయి. సోడియం పడిపోవడం, సెలైన్ ఎక్కించుకుని ఇంటికెళ్లడం ఆవిడకి అలవాటైపోయింది.

"కాన్పయ్యాక పాలు పడ్డాయా అమ్మా?"

"లేదు డాక్టరుగారూ, రక్తం బాగా పోయింది. బాబుకి మొదట్నుంచీ డబ్బా పాలే. మళ్లీ నెలసరి కూడా రాలేదు."

బాబు అప్పటికి తొమ్మిదో తరగతి.

దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. గర్భంతో ఉన్నప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పెద్దదవుతుంది. మిగతా గ్రంథులకు ఆదేశాలిచ్చేది ఇదే. కాన్పులో రక్తం విపరీతంగా పోయి బీపీ పడిపోతే, దానికి రక్తం అందక చాలా భాగం చచ్చిపోతుంది. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు బాగానే ఉన్నా, పైనుంచి ఆదేశం రాక, బతకడానికి తప్పనిసరైన కార్టిసాల్ హార్మోన్‌ను తయారుచేయవు. రక్తపింజరి కాటుకు కిడ్నీలు దెబ్బతిని, డయాలసిస్‌తో బతికి బయటపడ్డ రైతుల్లోనూ ఇలా జరగొచ్చు. కిడ్నీలు కోలుకున్నాయని అందరం సంతోషిస్తాం, పిట్యూటరీ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అపోహ: "టీఎస్‌హెచ్ నార్మల్, హార్మోన్లు బాగున్నట్టే."

థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ వచ్చేదే పిట్యూటరీ నుంచి. ఆ గ్రంథే దెబ్బతింటే ఆ అంకెను నమ్మలేం, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 చూడాలి. ఈవిడకి అది తక్కువని ఒకచోట పట్టుకున్నారు. కానీ కార్టిసాల్ చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. కొద్దిరోజుల్లోనే వాంతులు, బీపీ పడిపోవడం, ఐసీయూ. థైరాయిడ్ మాత్ర వేస్తే ఒంట్లో మిగిలిన కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది. అందుకే ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే స్టెరాయిడ్ మందు), తర్వాతే థైరాయిడ్. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం దాదాపు ఖాయం. 15 దాటితే సాధారణంగా భయం లేదు. మధ్యలో ఉంటే, అడ్రినల్స్‌ను ప్రేరేపించే సినాక్తెన్ ఇంజెక్షన్ ఇచ్చి, కార్టిసాల్ పెరుగుతుందో లేదో పరీక్షిస్తాం. పిట్యూటరీ ఆపరేషన్ అయిన తొలి వారాల్లో మాత్రం ఈ పరీక్ష నార్మల్ వచ్చినా నేను నమ్మను, అప్పటికి అడ్రినల్స్ ఇంకా సన్నబడి ఉండవు కాబట్టి ఇంజెక్షన్‌కు స్పందిస్తాయి.

అపోహ: "స్టెరాయిడ్ కదా, కాస్త బాగుంటే మానేయాలి."

ఒంట్లో తయారు కానిదాన్నే, కావలసినంతే ఇస్తున్నాం. సాధారణంగా రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆస్పత్రికెళ్లి 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ చేయించుకోవాలి. ఈ మాటలు రాసిన కార్డు ఆవిడ పర్సులో ఎప్పుడూ ఉంటుంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. రాసింది ఆ అబ్బాయే.